ఆదివారం బిళ్ళ, బుధవారం బిళ్ళ

మా ఇంట్లో మందుల డబ్బా పూర్వాశ్రమంలో పూతరేకుల డబ్బా. ఆత్రేయపురం నుంచి మా వియ్యపురాలు తెచ్చిన పూతరేకులు రెండు రోజుల్లో చెల్లిపోయాయి గాని, డబ్బా మాత్రం నాలుగేళ్ళుగా నాకు ఊడిగం చేస్తోంది. తీపి తిన్న డబ్బాలోనే చేదు దాచుకోవలసి రావడం ఈ వయసు ధర్మం కాబోలు!

అందులో రెండు రకాల బిళ్ళలున్నాయి. రెండూ చిన్నవే, రెండూ పసుపుపచ్చవే. ఒకటి ఆదివారం వేసుకోవాలి, రెండోది బుధవారం. నాకున్నది కీళ్ళవాతం. పెద్దతనంలో అందరికీ వచ్చే మోకాళ్ళ నొప్పి కాదు. వేళ్ళ కణుపులన్నీ వాచిపోయి, తెల్లారి లేచేసరికి పిడికిలి బిగుసుకోని రకం. రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అంటారు. అమలాపురంలో డాక్టరుగారు చీటీ రాసిస్తూ ఒకటికి రెండుసార్లు చెప్పారు. "అమ్మా, ఈ ఆదివారం బిళ్ళ వారానికి ఒక్కరోజేనండీ. పొరపాటున రోజూ వేసుకున్నారంటే ప్రాణం మీదికొస్తుంది" అని.

నేను బుద్ధిగా తలూపాను. డాక్టర్ల ముందు మనం ఊపే తలలకి లెక్కేముంది చెప్పండి!

పోయిన ధనుర్మాసంలో ఓ బుధవారం రాత్రి కరెంటు పోయింది. చీకట్లోనే డబ్బా తడిమి, కత్తిరించి పెట్టుకున్న రేకు ముక్కలోంచి ఒక బిళ్ళ తీసి నోటిదాకా తెచ్చాను. ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతున్న మా మనవరాలు సెల్‌ఫోను లైటు వేసుకుని మంచినీళ్ళు తెస్తూ ఆ రేకుముక్క చూసింది. సగం పేరే మిగిలి ఉంది దానిమీద.

"అమ్మమ్మా, ఆగు! అది మెథోట్రెక్సేట్. నువ్వు వేసుకోవలసింది ఫోలిక్ ఆసిడ్."

"రెండూ పచ్చబిళ్ళలేగదే. ఒకరోజు అటూ ఇటూ అయితే ఏమవుతుంది?" అన్నాను, చెయ్యి వణుకుతున్నా పైకి గాంభీర్యం తెచ్చుకుని.

అది నావైపు కోపంగా చూసి, పాత కేలెండరు కాగితం వెనక రెండు బొమ్మలు గీసింది. ఆరు మూలల గడులు, వాటినుంచి సాగిన తోకలు. ఒకటి ఫోలిక్ ఆసిడ్ అణువుట, ఇంకొకటి మెథోట్రెక్సేట్ అణువుట. ఎటు తిప్పి చూసినా రెండూ ఒకే ముగ్గు. తేడా రెండే రెండు చోట్ల. ఒకచోట ఆక్సిజన్ ఉండవలసిన మూల నైట్రోజన్ కూర్చుంది. మరోచోట ఒక హైడ్రోజన్ పోయి, దాని స్థానంలో చిన్న కర్బన గుంపు చేరింది. అంతే!

ఇంత చిన్న తేడాకి ఒకటి గర్భిణీ స్త్రీలకు బలానికిచ్చే మందూ, మరొకటి గర్భిణులు దగ్గరికే పోకూడని మందూ ఎలా అయ్యాయి? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నొప్పి వల్ల కాదు, ఆ ముగ్గుల వల్ల.

నేనూ రసాయన శాస్త్రం చదివినదాన్నే సుమండీ! పి.యు.సి.లో మా లెక్చరరుగారు నల్లబల్ల మీద మీథేన్ అణువును కూడిక గుర్తులాగా గీసేవారు. మధ్యన కర్బనం, నాలుగు వైపులా నాలుగు హైడ్రోజన్లు. "నిజంగా అది ఇలాగే పలకలా పరుచుకుని ఉంటుందాండీ?" అని ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. "పరీక్షలో ఇలా గీస్తే మార్కులొస్తాయి, కూర్చోమ్మా" అన్నారు. కూర్చున్నాను. యాభై ఏళ్ళు దాటింది, ఆ ప్రశ్న మాత్రం ఇంకా నిలబడే ఉంది.

మర్నాడు మా మనవరాలు దానికి జవాబు వంటింట్లో చూపించింది. చపాతీ పిండిలోంచి గోలీకాయంత ఉండ తీసి నా చేతిలో పెట్టింది. చీపురులోంచి నాలుగు కొబ్బరి ఈనెలు విరిచి ఇచ్చింది. "ఇవి నాలుగూ ఒకదానికొకటి వీలయినంత ఎడంగా ఉండేలా గుచ్చు అమ్మమ్మా" అంది.

నేను కూడిక గుర్తు పెట్టాను. "ఇంకా ఎడం చెయ్యొచ్చు, బల్లని మరిచిపో" అంది. ఒక ఈనెను పైకెత్తాను, మిగతా మూడింటినీ కిందికి వాల్చాను. చూద్దును గదా, అచ్చం పల్లేరుకాయ! ఇసుకలో ఎలా పడినా ఒక ముల్లు పైకి లేచి, మన పాదం కోసం కాచుకుని కూర్చుంటుందే, అలా. కూడిక గుర్తులో ఈనెకీ ఈనెకీ మధ్య కోణం 90 డిగ్రీలు. ఇందులో నూటతొమ్మిదిన్నర. కర్బనం నిజరూపం ఇదన్నమాట. మన పుస్తకాల్లో ఉండేది దాని నీడ.

ఈ సంగతి కనిపెట్టడానికి లోకానికి ఎంతకాలం పట్టిందో, ఎన్ని తగువులయ్యాయో చదువుతుంటే నవలలా ఉంది. ఆ కథ మన చారులోంచే మొదలవుతుంది.

చింతపండు పులుపు చాలావరకు టార్టారిక్ ఆమ్లం వల్ల వస్తుంది. ద్రాక్షసారా పీపాల అడుగున పేరుకునే మడ్డిలోనూ అదే ఉంటుంది. ఒకే వరసలో కంపించేటట్టు వడగట్టిన వెలుతురుని దాని నీళ్ళలోంచి పంపితే, ఆ కంపించే వరసను కుడివైపుకి తిప్పుతుంది. కాని సారా తయారీలో మరో ఆమ్లం కూడా దొరికింది. అందులో ఉన్న సరుకులు అవే, పాళ్ళూ అవే. వెలుతురుని మాత్రం ఎటూ తిప్పదు! ఒకే పాళ్ళతో చేసిన పులుసు ఒకరోజు పుల్లగానూ, ఒకరోజు చప్పగానూ ఉంటే మనం ఎంత తికమకపడతామో, అప్పటి శాస్త్రజ్ఞులు అంత తికమకపడ్డారు.

1848లో పాతికేళ్ళ లూయీ పాశ్చర్ ఆ రెండో ఆమ్లపు లవణాన్ని స్ఫటికాలుగా పేరబెట్టి భూతద్దంలో చూశాడు. కొన్ని స్ఫటికాలకు చిన్న అంచు కుడివైపు చెక్కినట్టుంది, కొన్నింటికి ఎడమవైపు. పట్టకారు పుచ్చుకుని, మనం బియ్యంలో మట్టిగడ్డలు ఏరినట్టు, కుడివి ఒక కుప్పగా, ఎడమవి ఒక కుప్పగా ఏరాడు. నీళ్ళలో కరిగిస్తే ఒక కుప్ప వెలుతురుని కుడికి తిప్పింది, రెండోది అంతే మేర ఎడమకి తిప్పింది. రెండూ కలిసి ఉన్నప్పుడు ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నాయి, అంతే! 74 ఏళ్ళ బియో అనే పెద్ద శాస్త్రజ్ఞుడు నమ్మక, తన కళ్ళెదుటే మళ్ళీ చేయించుకుని మరీ ఒప్పుకున్నాడు.

ఇందులో ఒక తమాషా ఉంది. ఆ లవణం సుమారు 27 డిగ్రీల వేడికి లోపలయితేనే అలా విడివిడిగా స్ఫటికాలు కడుతుంది. పాశ్చర్ గనక రోహిణి కార్తెలో అమలాపురంలో కూర్చుని ఆ పని చేసి ఉంటే ఏరడానికి ఏమీ దొరికేది కాదు! చల్లని దేశంలో పుట్టడం కూడా ఒక్కొక్కసారి కలిసొస్తుంది.

కుడి ఎడమల భేదం ఆడవాళ్ళకి ఒకరు చెప్పాలా? గాజు ఏ చేతికైనా పడుతుంది. చెప్పు అలా కాదే! కుడికాలిది ఎడమకాలికి తొడిగితే నాలుగడుగులు వెయ్యలేం. చూడ్డానికి రెండూ ఒకటే. ఒకటి రెండోదానికి అద్దంలో నీడ. ఒకదానిమీద ఒకటి పెట్టి చూస్తే మాత్రం సరిపోవు. అణువుల్లోనూ గాజుల రకం, చెప్పుల రకం ఉన్నాయని పాశ్చర్ పసిగట్టాడు. కాని లోపల పరమాణువులు ఎలా కూర్చుంటే ఆ భేదం వస్తుందో ఆయనకీ అంతుపట్టలేదు.

అంతుపట్టకపోవడానికి కారణం మా లెక్చరరుగారి బొమ్మే! అందరూ అణువుల్ని పలకమీద గీసినట్టే ఊహించుకునేవారు. 1865లో లండన్‌లో హోఫ్‌మన్ అనే పండితుడు క్రోకే ఆట బంతులకు పుల్లలు గుచ్చి సభలో అణువుల్ని చూపించాడు. కర్బనానికి నలుపు, హైడ్రోజన్‌కి తెలుపు, ఆక్సిజన్‌కి ఎరుపు, నైట్రోజన్‌కి నీలం రంగులు వేశాడు. మా మనవరాలి కాలేజీ నమూనాల్లో ఈనాటికీ అవే రంగులు. అయితే ఆయన బంతులు కూడా చాపమీద పరిచినట్టే ఉండేవి. కేలెండరులో విష్ణుమూర్తి నాలుగు చేతులూ ఒకే వరసలో ఉన్నట్టు కర్బనం చేతులూ ఉండేవన్నమాట.

1874లో హాలెండు కుర్రవాడు వాంట్‌హాఫ్, వయసు 22, ఓ చిన్న కరపత్రం లాంటి పుస్తకం అచ్చువేశాడు. కర్బనం నాలుగు చేతులూ నాలుగు దిక్కులకు, పైకీ కిందికీ, సమానమైన ఎడంతో చాచి ఉంటాయన్నాడు. అదే ఏడాది ఫ్రాన్సులో లెబెల్ అనే ఆయన కూడా వేరే దారిలో ఇంచుమించు అక్కడికే చేరాడు.

మా మనవరాలు దీన్ని ఎలా రుజువు చేసిందో చెప్తాను, మీరూ చేసి చూడండి. నాలుగు ఈనెల కొసలకీ నాలుగు వేర్వేరు రంగులు అంటించింది. ఒకదానికి పసుపు, ఒకదానికి కుంకుమ, ఒకదానికి ముగ్గుపిండి, ఒకదానికి కాటుక. అలాంటివే రెండు చేసింది. రెండోదాంట్లో పసుపునూ కుంకుమనూ మాత్రం తారుమారు చేసింది. వాటిని ఒకదానితో ఒకటి సరిపోల్చాలని నేను పావుగంట కుస్తీపట్టాను. ఊహూ! రెండు రంగులు కలిస్తే తక్కిన రెండూ తప్పుతాయి. అద్దం ముందు పెడితే మాత్రం ఒకటి రెండోదాని నీడ. కుడిచెప్పు, ఎడమచెప్పు. పాశ్చర్‌కి అందని గుట్టు నా వంటింటి గట్టుమీద విడిపోయింది.

వాంట్‌హాఫ్ అట్టముక్కలతో నాలుగు ముఖాల బొమ్మలు చేసి తోటి శాస్త్రజ్ఞులకు పంపించాడు. కొంతమంది మెచ్చుకున్నారు. జర్మనీలో కోల్బే అనే మహాపండితుడికి మాత్రం ఒళ్ళు మండింది. అప్పటికి వాంట్‌హాఫ్ పశువైద్య కళాశాలలో పనిచేస్తున్నాడు. పశువుల బడిలో రెక్కల గుర్రం అరువు తెచ్చుకుని ఆకాశంలో విహరిస్తున్నాడని 1877లో పత్రికలో ఆయన్ని ఎద్దేవా చేశాడు కోల్బే. మరి చివరికి ఏమయిందంటే, 1901లో రసాయన శాస్త్రానికి మొట్టమొదటి నోబెల్ బహుమతి ఇచ్చినప్పుడు అది ఆ రెక్కల గుర్రం కుర్రవాడికే దక్కింది. బహుమతి వేరే పనికి ఇచ్చారనుకోండి, అయినా దక్కినవాడు ఆయనే కదా!

ఆకారం ఇంత ముఖ్యమని ఒప్పుకుంటే మన ఇంట్లో కొన్ని వింతలు కూడా విడిపోతాయి. ధనుర్మాసం తెల్లవారుజామున కొబ్బరినూనె సీసా బోర్లించినా చుక్క పడదు. పక్కనే ఉన్న నువ్వులనూనె మాత్రం మామూలుగానే జారుతుంది. కొబ్బరినూనెలో అణువుల తోకలు ఎక్కువభాగం కొబ్బరి ఈనెల్లా తిన్నగా ఉంటాయి. కాస్త చలి తగిలేసరికి చీపురుకట్టలా దగ్గరగా చేరి బిగుసుకుంటాయి. నువ్వులనూనె అణువుల తోకల్లో చాలావాటికి మధ్యలో వంపు ఉంటుంది. వంగిన పుల్లల్ని కట్టకడితే కట్ట బిగుస్తుందా? అందుకే అది గడ్డకట్టదు. కోనసీమలో పుట్టి డెబ్బై ఏళ్ళుగా ఎండలో పెట్టి కరిగించుకుంటున్నాను గాని, సీసాలో ఉన్నది చీపురుకట్ట అని నాకేం తెలుసు!

ఇక మందుల సంగతి. జర్మనీలో ఎమిల్ ఫిషర్ అనే ఆయన పంచదార జాతి అణువుల ఆకారాలు తేల్చాడు. 1891లో ఇటలీ సముద్రతీరాన విడిది చేసినప్పుడు, ఆయనా బాయర్ అనే పెద్దాయనా కలిసి రొట్టె ఉండలకు పళ్ళుకుట్టుకునే పుల్లలు గుచ్చి ఆ చిక్కు విప్పాలని కూర్చున్నారట. బాయర్ చివరికి విసిగి వదిలేశాడట. ఇది చదివాక నాకెంత ఊరటగా ఉందో చెప్పలేను. అంతటి పండితులు రొట్టెముక్కలతో తంటాలు పడితే లేని సిగ్గు, చపాతీపిండితో ఆడుకున్న నాకెందుకు?

ఆ ఫిషరే 1894లో ఒక పోలిక చెప్పాడు. మన ఒంట్లో పనులు నడిపే ఎంజైములు తాళాలలాంటివి, వాటిమీద పనిచేసే పదార్థాలు తాళంచెవులలాంటివి అన్నాడు. తాళంచెవి ఇత్తడిదా ఇనపదా అని తాళం అడగదు. పళ్ళు సరిగ్గా ఉన్నాయా లేదా అన్నదే దానికి కావాలి.

అయితే కంటికి కనపడని అణువు ఆకారం ఇదేనని ఎవరు చూడొచ్చారు? ఎక్స్‌రే కిరణాల్ని స్ఫటికాలగుండా పంపి, అవి చెదిరిన మచ్చలనుబట్టి లోపలి అమరిక లెక్కగట్టడం ఒక దారి. ఈ పనిలో ఆడవాళ్ళు ముందు వరసలో నిలిచారు. బెంజీన్ వలయం నిజంగానే బల్లపరుపుగా ఉంటుందని 1929లో తేల్చింది కాత్లీన్ లాన్స్‌డేల్. పెనిసిలిన్, బి12 విటమిన్, ఆఖరికి 1969లో ఇన్సులిన్, వీటి ఆకారాలు తేల్చింది డొరతీ హాడ్జ్‌కిన్. 1964లో ఆవిడకి నోబెల్ బహుమతి వస్తే, ఒక ఇంగ్లీషు పత్రిక ఆక్స్‌ఫర్డ్ గృహిణికి నోబెల్ అన్న ధోరణిలో శీర్షిక పెట్టింది. ముగ్గురు పిల్లల తల్లి కనక గృహిణే, కాదనం. మగవాళ్ళకి బహుమతి వచ్చినప్పుడు ఫలానా ఇంటాయనకి వచ్చిందని రాస్తారా అన్నదే ప్రశ్న.

ఆవిడ గురించి చదువుతూ ఒకచోట ఆగిపోయాను. ఇరవైల్లో ఉండగానే ఆవిడకి కీళ్ళవాతం వచ్చింది. నాకున్నదే! వంకరపోయిన ఆ వేళ్ళతోనే జీవితమంతా స్ఫటికాలు సవరించింది. 1978లో హెన్రీ మూర్ అనే సుప్రసిద్ధ శిల్పి ఆవిడ ముఖం కాకుండా చేతుల బొమ్మ గీశాడు. ఆ బొమ్మ చూసి నా చేతులు చూసుకున్నాను. మొదటిసారి వాటిమీద నాకు విసుగు కలగలేదు.

మనవాళ్ళకీ ఈ కథలో చోటుంది. ఒక పదార్థం మీద వెలుతురు పడితే, చెదిరివచ్చే వెలుతురు రంగులో వచ్చే మార్పులు దాని అణువు కదలికల్ని చెబుతాయని రామన్‌గారు 1928లో చూపించారు కదా! ఆయన దగ్గర పనిచేసిన సూరి భగవంతంగారు కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. అణువు ఆకారంలో ఉన్న సౌష్ఠవాన్నిబట్టి ఆ కదలికల్ని గణితంతో ఎలా లెక్కగట్టాలో, టి. వెంకటరాయుడుగారితో కలిసి పుస్తకం రాశారు. 1948లో వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం దాన్ని అచ్చువేసింది. సౌష్ఠవం అంటే మన ముగ్గే. పావువంతు తిప్పినా అదే ముగ్గులా కనిపిస్తే దానికో లెక్క, సగం తిప్పితేనే అయితే ఇంకో లెక్క. చుక్కలు పెట్టినంతకాలం అది గణితమని మనకెవరూ చెప్పలేదు.

ఇప్పుడు నా పచ్చబిళ్ళల దగ్గరికి వస్తాను. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల డాక్టరమ్మ బొంబాయి వచ్చి, మిల్లు కూలీల్లో గర్భిణులకు వచ్చే ఒకరకం రక్తహీనతను పరిశీలించింది. ఈస్టు సారంతో అది నయమవుతోందని 1931లో ప్రకటించింది. అందులో ఉన్న వస్తువేమిటో తెలియడానికి ఇంకా పదేళ్ళు పట్టింది. 1941లో అమెరికాలో నాలుగు టన్నుల పాలకూరలోంచి చిటికెడు సరుకు తీసి, ఆకులోంచి వచ్చింది గనక ఫోలిక్ ఆమ్లం అని పేరుపెట్టారు. లాటిన్‌లో ఫోలియం అంటే ఆకు.

దాని రూపం తేల్చి, కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. మా రాజోలు నుంచి దిండి దగ్గర వశిష్ఠ గోదావరి వంతెన దాటితే చించినాడ, పాలకొల్లు, ఆ తరవాత భీమవరం. 1895లో ఆయన పుట్టింది అక్కడే. అన్నగారు పురుషోత్తం స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. కాకినాడ సత్యలింగం ధర్మసంస్థ సాయంతో, మామగారి సాయంతో 1923లో అమెరికా చేరారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయింది. ఆయన తిరిగి రానేలేదు. మందుల పుస్తకాలు ఆవిడ పేరు రాయవు. నాకు మాత్రం బుధవారం బిళ్ళ చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఆవిడే గుర్తొస్తుంది.

లెడర్లే కంపెనీలో సుబ్బారావుగారి బృందం 1945లో ఫోలిక్ ఆమ్లం తయారుచేసినట్టు ప్రకటించింది. అన్నగారిని పొట్టన పెట్టుకున్న స్ప్రూ జబ్బుకి కూడా అది పనికొచ్చింది. పాతికేళ్ళు ఆలస్యంగా.

ఒంట్లో కొత్త కణాలు పుట్టాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. కడుపులో బిడ్డ పెరగడమంటే కొత్త కణాలు పుట్టడమే కదా, అందుకే గర్భిణులకు ఆ బిళ్ళలు. కాని అదుపుతప్పి కణాలు పుట్టే జబ్బు ఒకటుంది, కేన్సరు. అలాంటప్పుడు అసలు తాళంచెవిని పోలిన దొంగ తాళంచెవిని పంపిస్తే? తాళంలో దూరుతుంది, తిరగదు, బయటికీ రాదు. అసలు చెవికి చోటుండదు. ఫోలిక్ ఆమ్లంలో ఆ ఒక్క మూల మార్చి అమినాప్టెరిన్ అనే మందు చేశారు లెడర్లేలో. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్తకేన్సరున్న 16 మంది పిల్లలకిస్తే 10 మంది తాత్కాలికంగానే అయినా కోలుకున్నారు. అంతవరకూ ఆ జబ్బుకి మందన్నదే లేదు. ఆ సంగతి 1948 జూన్‌లో అచ్చయింది. ఆగస్టులో సుబ్బారావుగారు నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53.

రెండో మూల కూడా మార్చితే వచ్చిందే మెథోట్రెక్సేట్. 1956లో గర్భసంచిలో మాయ నుంచి పుట్టే ఒకరకం కేన్సరు దీనితో పూర్తిగా నయమైంది. అదే మందు చాలా చిన్న మోతాదులో, వారానికొక్కసారి ఇస్తే, ఒళ్ళు తనమీద తనే చేసుకునే దాడి చల్లబడి కీళ్ళవాతం తగ్గుముఖం పడుతుంది. నా ఆదివారం బిళ్ళ అదే. ఆ దొంగచెవి నోట్లోనూ, కడుపులోనూ చేసే అల్లరి మితిమీరకుండా మరోరోజు అసలు చెవిని పంపిస్తారు. అది బుధవారం బిళ్ళ.

అసలు చమత్కారం చివరికి ఉంచాను. 1977లో కాలిఫోర్నియాలో జోసెఫ్ క్రాట్ అనే ఆయన బృందం, ఆ తాళం లాంటి ఎంజైములో మెథోట్రెక్సేట్ ఇరుక్కుని ఉన్న రూపాన్ని ఎక్స్‌రేలతో తేల్చి ప్రకటించింది. కాగితం మీద రెండు ముగ్గులూ ఒకేలా ఉన్నాయి గనక, అసలు చెవి కూర్చున్నట్టే దొంగచెవీ కూర్చుంటుందని అంతవరకూ అనుకునేవారు. కాదట! దాని తలభాగం బోర్లా తిరిగి కూర్చుంటుందట. తరవాత ఫోలిక్ ఆమ్లం కూర్చున్న తీరు కూడా చూసి ఆ మాట ఖాయం చేశారు. బోర్లా తిరిగి, అసలుదానికంటే సుమారు వెయ్యిరెట్లు గట్టిగా పట్టుకుంటుంది. కాగితం మీద గీసిన ఏ బొమ్మా ఈ మాట చెప్పలేకపోయింది.

"చూశావా అమ్మమ్మా, పలకమీద ఒకటే. ఒంట్లో వెల్లకిలా, బోర్లా" అంది మా మనవరాలు, చపాతీపిండి బొమ్మని అటూ ఇటూ తిప్పుతూ.

యాభై ఏళ్ళక్రితం నేనడిగింది పిచ్చిప్రశ్న కాదని ఆ క్షణాన నాకు తెలిసింది. అణువు పలకలా పరుచుకుని ఉంటుందా అన్నది మార్కుల సంగతి కాదు. ఇవాళ ఏ బిళ్ళ నోట్లో వేసుకోవాలన్న సంగతి.

సంక్రాంతికి మా మనవరాలు వాకిట్లో ముగ్గు వేసింది. నేను పక్కన పీటమీద కూర్చుని చుక్కలు చెప్పాను. చివరి రెండు వరసల చుక్కలు నేనే పెట్టాను. వంకరగా వచ్చాయి, ఫరవాలేదు.

ఇప్పుడు పూతరేకుల డబ్బాలో బుధవారం బిళ్ళలే ఉన్నాయి. ఆదివారం బిళ్ళలు వేరే డబ్బాలో, బీరువా పై అరలో ఉన్నాయి. రేకు కత్తిరించడం మానేశాను, పేరు తెగిపోతోందని. మీ ఇంట్లో పెద్దవాళ్ళ డబ్బా కూడా ఈ పూట ఒకసారి దించి చూడండి. రెండు పచ్చబిళ్ళలు పక్కపక్కన కనబడితే, మిగతా పనులు తరవాత చూసుకోవచ్చు.